‘చాదస్తం’ అని పక్కన పెట్టకండి: ఆఫీసులో నిక్కచ్చి మనుషులతో పని చేయడం ఎలా

ముందు ఒక రాత్రి సంగతి చెప్తాను. హైదరాబాద్‌లో పైపులు, ఫిట్టింగులు హోల్‌సేల్‌గా అమ్మే ఆఫీసు, అకౌంట్స్ నేను చూసుకునేవాణ్ణి, నా కింద నలుగురు. మార్చి నెలాఖరు, రాత్రి ఎనిమిదిన్నర అయింది, బ్యాంకు స్టేట్‌మెంటుకీ, లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్‌లో మా బ్యాంకు లెడ్జరుకీ 270 రూపాయల తేడా వస్తోంది. కోట్లలో టర్నోవరు ఉన్న చోట 270 రూపాయలు. అందరూ బ్యాగులు సర్దేసుకున్నారు, ఒక్క అమ్మాయి మాత్రం సీట్లోంచి కదలదు. "రౌండాఫ్‌లో వేసెయ్యమ్మా, పోదాం" అన్నాను. స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండానే, "సర్, 270 తొమ్మిదితో భాగిస్తే శేషం లేకుండా పోతుంది. అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ అలాగే వస్తుంది, ఎక్కడో అదే జరిగుంటుంది, ఒక్క పది నిమిషాలు" అంది. అప్పుడు నేను అనకూడని మాట అన్నాను, అదీ అందరి ముందు. "కోడిగుడ్డు మీద ఈకలు పీకడం ఆపు తల్లీ."

పది నిమిషాల్లోనే దొరికింది. 5,410 అని కొట్టాల్సిన చోట ఎవరో 5,140 కొట్టారు. సరిచేసి, సిస్టమ్ ఆపేసి, ఏం మాట్లాడకుండా వెళ్లిపోయింది. ఆ తర్వాత రెండు నెలలు ఆ అమ్మాయి నాకు ఒక్క తప్పు కూడా చూపించలేదు, నేనేమో అంతా బాగుందనుకున్నాను.

మూడో నెలలో ఒక కస్టమర్ ఫోన్ చేసి అరిచాడు. వాళ్లకి రెండు రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ ఉంది. పాన్ ఒకటే కాబట్టి రెండు జీఎస్టీ నంబర్లూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి, ముందుండే రెండంకెలు చూస్తేనే తెలుస్తుంది, తెలంగాణకి 36, ఆంధ్రకి 37. సరుకు విజయవాడ గోడౌన్‌కి పోయింది, బిల్లు మాత్రం హైదరాబాద్ నంబరు మీద కొట్టారు. ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకానికి పడే పన్ను) పడాల్సింది పోయి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం లోపలి అమ్మకానికి పడేవి) పడ్డాయి, వాళ్ల ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుని తమ పన్నులో సర్దుకునే హక్కు, వెళ్లి వేరే బ్రాంచి 2బీలో (పోర్టల్ నెలనెలా ఇచ్చే క్రెడిట్ లిస్టులో) కూర్చుంది. రెండూ నిజమైన నంబర్లే కాబట్టి పోర్టల్ కూడా పట్టుకోదు. ఒకటి కాదు, నాలుగు బిల్లులు. ఆ అమ్మాయిని పిలిచి అడిగితే మెల్లగా చెప్పింది: "చూశాను సర్. బిల్లింగ్ వాళ్లకి చెప్పాను, ఏం కాదులే అన్నారు. మీకు చెప్తే మళ్లీ ఈకలంటారేమోనని..."

ఆ రోజు నాకు తగిలిన దెబ్బ చిన్నది కాదు. బిల్లులు సవరించుకున్నాం, కస్టమర్ ఉండిపోయాడు, కానీ ఆఫీసులో తప్పుల్ని ముందుగా పట్టే కళ్లని నేనే మూయించానన్న సంగతి చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. అప్పటి నుంచి ఇలాంటి మనుషులతో ఎలా పని చేయాలో నేర్చుకుంటూ వచ్చాను. మీ కింద ఇలాంటివాళ్లు ఒక్కరున్నా ఇది మీకు పనికొస్తుంది. నేను చెప్పేదంతా ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది: వీళ్లకి పనిని ఎంత బాగా చేయాలో చెప్పక్కర్లేదు, ఎక్కడ ఆపాలో చెప్పాలి, ఆ చెప్పాల్సిన బాధ్యత మనది.

గుర్తుపట్టడం

వీళ్లని కనిపెట్టడం కష్టమేం కాదు. మెయిల్ పంపేముందు రెండు మూడుసార్లు చదువుతారు. ‘సుమారుగా’ అనే మాట వాళ్ల నోట రాదు. మీటింగ్‌లో హఠాత్తుగా ఏదైనా అడిగితే "చూసి చెప్తాను సర్" అంటారు, నిజంగానే చూసి చెప్తారు, ఒక్కోసారి మనం అడిగిన సంగతి మర్చిపోయాక. మనం చెప్పిన పనిలో ఎక్కడైనా ఖాళీ ఉంటే అక్కడ వరసగా ప్రశ్నలొస్తాయి. ఒప్పుకున్న గడువు దాటనివ్వరు, గడువే పెట్టకపోతే మాత్రం ఆ పని ఎప్పటికీ పూర్తవదు, ఎందుకంటే ఇంకోసారి చూస్తే ఇంకోటి కనిపిస్తుంది కదా.

ట్రైనింగులకి వెళ్లినవాళ్లు డిస్క్ అని నాలుగక్షరాల పద్ధతి ఒకటి వినే ఉంటారు, అందులో చివరి ‘సీ’ వీళ్లే. దాని మూలం విలియం మౌల్టన్ మార్‌స్టన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1928లో రాసిన పుస్తకం. అందులో ఆయన ‘సీ’కి పెట్టిన పేరు కంప్లయన్స్, అంటే లోబడి ఉండటం. తర్వాత ఆ పద్ధతి మీద టెస్టులు తయారుచేసినవాళ్లు దాన్ని కాన్షియన్షస్‌నెస్ అని మార్చుకున్నారు, అంటే మనస్సాక్షితో, పట్టింపుతో చేయడం. నా ఉద్దేశంలో ఈ మార్పు చాలా ముఖ్యం. మన ఆఫీసుల్లో చాలామంది బాసులు ఇప్పటికీ పాత అర్థంలోనే ఉన్నారు. ఎదురు చెప్పడు, తల వంచుకుని పని చేసుకుపోతాడు, కాబట్టి మనకి లోబడ్డాడు అనుకుంటారు. అతను లోబడింది మీకు కాదండీ, ఆ పనికి. రెండూ వేరని తెలియకపోతే, ఏదో ఒక రోజు అతను రాజీనామా కాగితం తెచ్చి టేబుల్ మీద పెట్టినప్పుడు మీకు అర్థం కాదు.

సైకాలజీలో పరిశోధన చేసేవాళ్లు ఎక్కువగా వాడేది మనిషి స్వభావాన్ని ఐదు గుణాలుగా చూసే బిగ్ ఫైవ్ పద్ధతి. అందులో ఈ గుణాన్ని కోస్టా, మెక్రే అనే ఇద్దరు ఆరు పాయలుగా విడగొట్టారు: పని చేయగలనన్న నమ్మకం, క్రమం, కర్తవ్యం, సాధించాలన్న పట్టుదల, తనని తాను అదుపులో పెట్టుకోవడం, ఆలోచించి అడుగేయడం. ఒకే మనిషిలో ఆరూ సమానంగా ఉండవు. టేబుల్ అద్దంలా పెట్టుకుని పని లేటుగా ఇచ్చేవాళ్లున్నారు, టేబుల్ నిండా కాగితాలు పరిచి ఇచ్చిన మాట గంట కూడా తప్పనివాళ్లున్నారు. కాబట్టి మీ దగ్గరున్న మనిషిలో ఏ పాయ గట్టిదో ఒక నెల గమనించండి. ఇంకో సంగతి, 1991లో బారిక్, మౌంట్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన చాలా అధ్యయనాల్ని కలిపి చూస్తే, ప్రొఫెషనల్స్, పోలీసులు, మేనేజర్లు, సేల్స్, చేతిపనివాళ్లు అన్ని వర్గాల్లోనూ పనితీరుతో నిలకడగా సంబంధం కనిపించిన గుణం ఇదే. సేల్స్‌లో కూడా. చాదస్తం అని మనం తేలిగ్గా అనేసే గుణం ఇది.

పని అప్పగించేటప్పుడు

ఇక్కడే సగం గొడవలు పుడతాయి. నేను పాతరోజుల్లో పంపే మెసేజ్ ఇలా ఉండేది: "ఔట్‌స్టాండింగ్ లిస్టు అర్జెంటుగా పంపమ్మా." అంటే పార్టీలు, మన కస్టమర్లు, ఇంకా కట్టాల్సిన బాకీల లిస్టు. అంతే. ఇది చదివి చురుకైన కుర్రాడైతే ఏదో ఒకటి లాగి ఐదు నిమిషాల్లో పంపేస్తాడు. ఈ అమ్మాయికి మాత్రం తలలో ప్రశ్నలు మొదలవుతాయి. ఏ తేదీ వరకు? పార్టీలన్నీనా, పెద్దవేనా? చేతిలో ఉన్న పోస్ట్ డేటెడ్ (రాబోయే తేదీ వేసిన) చెక్కులు తీసేయాలా, ఉంచాలా? గొడవలో ఉన్న బిల్లుల సంగతేంటి? ఇది ఎవరు చూస్తారు? అడిగితే సర్ చిరాకు పడతారేమోనని అడగదు, అన్నిటికీ సరిపోయేలా తయారుచేద్దామని కూర్చుంటుంది, సాయంత్రం ఆరైపోతుంది.

ఇప్పుడు ఇలా పంపుతాను: "సాయంత్రం ఐదుకి ఎండీ గారు సేల్స్ వాళ్లతో కూర్చుంటున్నారు, దానికి ఔట్‌స్టాండింగ్ కావాలి. పెద్ద బాకీలున్న ఇరవై పార్టీలు చాలు, నిన్నటి వరకు, వేలల్లో రౌండ్ చెయ్యి. చేతిలో ఉన్న చెక్కులు లెక్కలోకి తీసుకోకు. వెయ్యి, రెండు వేలు అటూ ఇటూ అయినా పర్వాలేదు, ఈ లిస్టు ఆఫీసు దాటదు. నాలుగున్నరకి ఎంతవరకు అయితే అంతవరకు పంపు."

రాయడానికి రెండు నిమిషాలు పట్టింది. అందులో ఏముందో చూడండి: ఎందుకో ఉంది, ఎంత కావాలో ఉంది, ఎంత తేడా వరకు పర్వాలేదో ఉంది, తప్పొస్తే ఏమవుతుందో ఉంది, ఎప్పుడు ఆపాలో ఉంది. తను నాలుగుంపావుకే పంపింది. మీరు కూడా ఈ ఐదూ చెప్పి చూడండి, ఎక్కువగా మర్చిపోయేది మూడోది, ఎంత తేడా వరకు పర్వాలేదు అన్నది. అదే వీళ్లకి అన్నిటికంటే ముఖ్యం.

కానీ ఒక్క షరతు. పర్వాలేదు అన్నాక నిజంగా పర్వాలేదనే ఉండాలి. ఎండీ గారు మీటింగ్‌లో "ఇదేంటి, మూడు వేలు తేడా ఉంది?" అంటే, "రౌండ్ చేయమన్నది నేనే సర్" అని అక్కడే చెప్పాలి. అక్కడ మనం నోరు మూసుకుని, బయటికొచ్చి ఆ అమ్మాయి మీద పడితే, ఇక జన్మలో మన ‘పర్వాలేదు’ని నమ్మదు.

ఏ పనికి ఎంత ఖచ్చితం

అకౌంట్స్‌లో నెల ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. 7న టీడీఎస్ (చెల్లింపుల్లోంచి మనం పట్టుకున్న పన్ను) కట్టాలి, 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 14న 2బీ వస్తుంది, 15న పీఎఫ్, ఈఎస్ఐ, 20న 3బీ (నెల జీఎస్టీ లెక్క తేల్చి కట్టే రిటర్ను). 3బీ ఒక్కరోజు లేటైతే, లావాదేవీలే లేని నిల్ రిటర్ను కాకపోతే, రోజుకి 50 రూపాయల లేటు ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. ఈ తేదీల మధ్యలో సేల్స్ వాళ్ల రిపోర్టులు, బ్యాంకు వాళ్ల స్టాక్ స్టేట్‌మెంటు, ఆడిటర్ ప్రశ్నలు. నిక్కచ్చి మనిషి వీటన్నిటికీ ఒకే స్థాయి శ్రద్ధ పెడితే నలిగిపోతాడు, పెట్టవద్దని మనం చెప్పకపోతే తప్పకుండా పెడతాడు.

అందుకని ఒక రోజు కూర్చుని పనుల్ని మూడు రకాలుగా విడగొట్టుకున్నాం. మొదటి రకంలో ఒక్క రూపాయి కూడా తేడా రాకూడదు: పన్నులు, జీతాలు, కస్టమర్‌కి పోయే ఏ కాగితమైనా. రెండో రకంలో చిన్న తేడాకి ఒక హద్దు ఉంటుంది, పెట్టీ క్యాష్‌లో 50 రూపాయల వరకు తేడా వస్తే వోచర్ రాసి నా సంతకం తీసుకుని వదిలెయ్యొచ్చు. మూడో రకం లోపల మాట్లాడుకోవడానికి పనికొచ్చే లెక్కలు, అక్కడ వేలల్లో చెప్తే చాలు.

నేను బ్యాంకు తేడాని రెండో రకంలో పెట్టబోయాను. తను ఒప్పుకోలేదు. "బ్యాంకులో ఒక్క రూపాయి కూడా వదలొద్దు సర్. చిన్న తేడా అంటే చిన్న తప్పని అనుకోలేం. 48,600 చెక్కు ఒకటి ఎక్కించడం మర్చిపోయి, ఇంకోచోట 48,330 రెండుసార్లు ఎక్కిస్తే, మనకి పైకి కనిపించేది 270 మాత్రమే." ఆ రాత్రి తను ఎందుకు కదల్లేదో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. బ్యాంకు మొదటి రకంలోకి వెళ్లింది. హద్దు గీయాల్సింది మనమే, కానీ వాళ్లని అడిగి గీయాలి, ఎక్కడ చిన్న తేడా కింద పెద్ద గొయ్యి ఉంటుందో వాళ్లకి తెలిసినంత మనకి తెలియదు.

ఆ కాగితం ప్రింటు తీసి కింద నేను సంతకం పెట్టాను. రెండో రకం, మూడో రకం పనుల్లో తేడా వస్తే జవాబుదారీ నాది అని రాశాను. నోటిమాట కంటే సంతకం పెట్టిన కాగితం వీళ్లకి ఎంత ధైర్యమిస్తుందో చూస్తేగానీ తెలియదు.

మెచ్చుకోవడం, తప్పు చెప్పడం

"సూపర్ అమ్మా, అదరగొట్టావ్" అంటే వీళ్ల దాకా చేరదు. నవ్వి ఊరుకుంటారు, లోపల మాత్రం ‘సర్ అసలు చూశారా లేదా’ అనుకుంటారు. ఏం చూశారో చెప్పండి: "బిల్లు నంబర్లలో మధ్యలో రెండు లేవని నువ్వు పట్టుకున్నావు చూడు, అది నేను చూసుకోలేదు." అంతే చాలు, అదే నెల రోజులు గుర్తుంటుంది.

తప్పు చెప్పాల్సొస్తే గదిలో చెప్పండి, నలుగురిలో వద్దు. ఇది అందరికీ వర్తించేదే, కానీ వీళ్ల విషయంలో ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ తప్పుకి వాళ్లని వాళ్లు అప్పటికే మీకంటే గట్టిగా తిట్టుకుని ఉంటారు. మీరు దాని మీద ఇంకో పొర వేయనక్కర్లేదు. ఏ బిల్లు, ఏ తేదీ, ఏం జరిగింది, మళ్లీ రాకుండా ఏం చేద్దాం, ఈ నాలుగు మాటలు. "నువ్వెప్పుడూ ఇంతే", "నీ వల్ల ఎప్పుడూ లేటే" లాంటివి మాత్రం వద్దు. ఎప్పుడూ అనే మాటని వాళ్లు నిజంగానే లెక్కేసుకుంటారు, పోయిన ఏడాదిలో ఎన్నిసార్లు లేటయిందో ఇంటికెళ్లి రాసుకుని మరీ బాధపడతారు. నేను చూశాను.

మీటింగ్‌లో వాళ్లు మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టు అనుకోకండి. మన దగ్గర సర్, మేడమ్ అనే దూరం ఎటూ ఉంది, దానికి తోడు పూర్తిగా తెలియకుండా మాట్లాడని స్వభావం. ఏం మాట్లాడబోతున్నామో ముందురోజు సాయంత్రం ఒక మెసేజ్ పెట్టండి, మీటింగ్ అయ్యాక టీ దగ్గర "నీకేమనిపించింది?" అని అడగండి. అసలు విషయం అక్కడ బయటికొస్తుంది.

వాళ్లు ‘వద్దు’ అన్నప్పుడు

1986 జనవరి 27 రాత్రి, ఛాలెంజర్ అంతరిక్ష నౌక ఎగరడానికి ముందురోజు, బూస్టర్ రాకెట్లు తయారుచేసిన మోర్టన్ థయోకాల్ కంపెనీలో ఇంజినీర్లు ప్రయోగం వద్దని నాసాతో ఫోన్లో వాదించారు. రోజర్ బోజొలే వాళ్లలో ఒకరు. చలికి రబ్బరు ఓ-రింగులు బిగుసుకుపోయి సీలు సరిగ్గా పట్టదని, 53 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే, అంటే మన లెక్కలో 12 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉంటే ఎగరనివ్వొద్దని చెప్పారు. చివరికి కంపెనీ పైవాళ్లు తమ ఇంజినీరింగ్ పెద్దనే ఇంజినీర్ టోపీ తీసి మేనేజ్‌మెంట్ టోపీ పెట్టుకోమన్నారు, సరే అనిపించారు. మర్నాడు 73 సెకన్లలో నౌక ముక్కలైపోయింది, ఏడుగురు పోయారు. ఎగరడం క్షేమమని చూపించాల్సింది పోయి, క్షేమం కాదని రుజువు చేయాల్సిన భారం తమ మీద పెట్టారని బోజొలే తర్వాత విచారణలో చెప్పారు.

మనం పైపులు అమ్ముకునేవాళ్లం, ప్రాణాలు పోవు. కానీ "అది తప్పని నీకెలా తెలుసు, చూపించు" అని వాళ్ల మీదకి తోసెయ్యడం మన ఆఫీసుల్లో రోజూ జరుగుతుంది. దానికి బదులు నేను మూడు అడుగుతాను. ఏది చూసి అంటున్నావ్? అదే నిజమైతే మనకి ఏం పోతుంది? తేల్చుకోవడానికి నీకు ఎంత టైం కావాలి? మూడోదానికి వాళ్లు సాధారణంగా ఖచ్చితమైన జవాబిస్తారు, "సర్, అరగంట" అని. అరగంట ఇవ్వలేని పని మన ఆఫీసుల్లో ఎంత ఉంటుంది చెప్పండి? అంతా విన్నాక వాళ్ల మాట కాదని ముందుకెళ్లాల్సిన సందర్భాలూ ఉంటాయి, తప్పులేదు, కానీ ఎందుకు కాదన్నారో రెండు లైన్లు మెసేజ్ పెట్టండి. విన్నారన్న నమ్మకం ఉంటే, నిర్ణయం తమకి వ్యతిరేకంగా వచ్చినా మనస్ఫూర్తిగా పని చేస్తారు.

ఆపడం తెలియనప్పుడు

అన్నీ మన తప్పులే అనడం కూడా న్యాయం కాదు. వాళ్ల వల్ల పని నిలిచిపోయే రోజులూ ఉంటాయి. మా స్టోర్స్‌లో ఒక పెద్దాయన, నాకంటే పదిహేనేళ్లు పెద్ద, నన్ను బాబూ అని పిలిచేవారు. బ్యాంకు క్యాష్ క్రెడిట్ లిమిట్ (సరుకు చూపించి వాడుకునే అప్పు) కోసం నెలనెలా స్టాక్ స్టేట్‌మెంటు ఇవ్వాలి. ఆయన ముప్పావు అంగుళం ఎల్బోలు (పైపు మలుపు దగ్గర వేసే ముక్కలు) కూడా ఒక్కొక్కటీ లెక్కపెట్టేవారు, వేలల్లో ఉంటాయి అవి, మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటినుంచి. "మీరు కొంచెం తొందరగా చేయండి" అంటే ఆయనకి అవమానం. పెద్దాయన, పైగా ఆ లెక్క మీద ఆయన పేరుంది.

ఒకరోజు ఆయనతో కూర్చుని, "మీరు వంద ఎల్బోలు లెక్కపెట్టి తూకం వేయండి, అలాగే పదిసార్లు వేయండి, ఎంత తేడా వస్తుందో చూద్దాం" అన్నాను. పదిసార్లూ వేశారు. తేడాలు నోట్‌బుక్‌లో రాసుకున్నారు, వెయ్యి పీసులకి మహా అయితే నాలుగైదు అటూ ఇటూ. ఆ అంకె చూశాక ఆయన ముఖంలో వచ్చిన నెమ్మది నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ నెల నుంచి చిన్న సరుకంతా తూకం లెక్కే, ఖరీదైన వాల్వులు, పెద్ద సైజు పైపులు మాత్రం చేత్తో లెక్క. మూడు రోజుల పని ఒక రోజులో అయ్యేది. ‘సుమారు’ అంటే ఒప్పుకోని మనిషికి, ఆ సుమారు ఎంతో తేల్చి చూపించండి, ఒప్పుకుంటారు.

ఇంకో చిట్కా, పెద్ద పనైతే సగంలో చూపించమనండి. "పూర్తయ్యాక చూపిస్తాను" అంటారు, వినొద్దు. "చూసి తప్పులు పట్టను, దారి సరిగ్గా ఉందా అని మాత్రమే చూస్తాను" అని చెప్పి, ఆ మాట మీద నిలబడండి. సగం పనిలో స్పెల్లింగ్ తప్పు పట్టారంటే ఇక మీకు సగం పని ఎప్పటికీ చూపించరు.

హెవిట్, ఫ్లెట్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1991లో ఈ పరిపూర్ణత పిచ్చిని మూడు రకాలుగా చెప్పారు: తన నుంచి తానే కోరుకునేది, ఎదుటివాళ్ల నుంచి కోరుకునేది, లోకం తన నుంచి కోరుకుంటోందని భయపడేది. మూడో రకం భయం నుంచి వస్తుంది. ఆఫీసులో దానికి నీళ్లు పోసి పెంచేది చాలావరకు అరిచే బాసులే. మీ మనిషి ఇదివరకు పట్టించుకోని చిన్న విషయాలకి కూడా ఈమధ్య మీ సంతకం అడుగుతుంటే, ప్రతి మెయిల్‌లో అందరినీ సీసీలో పెడుతుంటే, అతనికి జాగ్రత్త ఎక్కువైందనుకోకండి. ఎవరో భయపెట్టారు, అది మీరేనేమో ముందు చూసుకోండి.

తొందర మనిషితో జత కలిపితే

సేల్స్‌లో ఒక చురుకైన కుర్రాడు, "అక్కా, బిల్లు కొట్టెయ్, డీటెయిల్స్ తర్వాత ఇస్తా" అంటాడు. తను కొట్టదు. అతనికి ఆర్డరు పోతుందని టెన్షన్, తనకి తప్పు బిల్లు పోతుందని టెన్షన్. ఇద్దర్నీ సర్దుకుపొమ్మని చెప్తే ఎవరూ సర్దుకోరు. మేం చేసిందేమిటంటే, బిల్లు కొట్టడానికి తప్పనిసరిగా కావాల్సినవి ఐదే ఐదు ఒక చీటీ మీద రాయించాం, తన చేతే: జీఎస్టీ నంబరు, సరుకు దిగే చోటు, రేటు, వాయిదా ఎన్ని రోజులు, లారీ నంబరు. ఆ ఐదూ వాట్సాప్‌లో వస్తే పావుగంటలో బిల్లు, మిగతావి అడగకూడదు. అతనికి ఏం పంపాలో తెలిసింది, తనకి ఎక్కడ ఆపాలో తెలిసింది. ఆ 36, 37 గొడవ కూడా ఆ చీటీ వచ్చాక మళ్లీ రాలేదు, ఎందుకంటే రెండో లైనుకీ మొదటి లైనుకీ పొంతన ఉందా లేదా అన్నది చూడగానే తెలిసిపోతుంది.

ఎంత అనుభవమున్నా జ్ఞాపకం మీద నడపకూడదని విమానాలవాళ్లు ఎప్పుడో నేర్చుకున్నారు. 1935లో అమెరికాలో బోయింగ్ కొత్త బాంబర్ పరీక్షకి ఎగిరి కూలిపోయింది, గాలికి తోక కదలకుండా వేసే లాక్ తీయడం మర్చిపోయారు, నడిపింది ఆరితేరిన పైలట్. దాని తర్వాతే పైలట్లకి చెక్‌లిస్టు అలవాటైంది. మీ ఆఫీసులో నిక్కచ్చి మనిషి బుర్రలో అలాంటి లిస్టులు పది ఉంటాయి. వాటిని కాగితం మీదకి తెప్పించండి, పేరు కూడా వాళ్లదే పెట్టండి.

బరువు

ఇది నేను గట్టిగా చెప్పాలనుకుంటున్న సంగతి. తప్పు లేకుండా చేస్తుంది కదా అని అన్నీ తనకే ఇస్తాం. జీతాల షీటు తనకే, జీఎస్టీ తనకే, ఆడిటర్ వస్తే తనే, పక్కవాడు తప్పు చేస్తే సరిచేసేదీ తనే. బాగా చేసినందుకు శిక్ష ఇది. వాళ్లు కాదనరు. కాదంటే పని ఎవరో పాడుచేస్తారని వాళ్ల భయం. మూడు నెలలకోసారి ఎవరి దగ్గర ఏ పని ఉందో రాసుకుని చూడండి, ఒకే పేరు పది చోట్ల కనిపిస్తే నాలుగు తీసి వేరేవాళ్లకి నేర్పించండి. నేర్పించే పని కూడా తనకే ఇస్తే ఒక జాగ్రత్త చెప్పాలి, ఎదుటివాళ్లు చేసింది తను మళ్లీ మొదటినుంచి చేయకూడదు, తప్పున్న చోట గుర్తు పెట్టి వెనక్కి పంపాలి, అంతవరకే. టీమ్ లీడర్‌గా ప్రమోషన్ ఇచ్చినా ఇదే మాట. చాలామంది మంచి పనివాళ్లు లీడర్లయ్యాక రాత్రి పదింటిదాకా ఆఫీసులో ఉండేది ఇందుకే.

ఇంటికెళ్లాక కూడా లెక్కలే కళ్లముందు తిరుగుతున్నాయని, పంపిన మెయిలు అర్ధరాత్రి లేచి మళ్లీ చూసుకుంటున్నానని ఎవరైనా చెప్తే, అది మేనేజర్ సలహాతో తీరేది కాకపోవచ్చు. రోగం పేరు మనం పెట్టకూడదు, డాక్టర్‌ని కలవమని చెప్పాలి, సెలవివ్వాలి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, రోజంతా పనిచేస్తుంది. ఆ నంబరు మా నోటీసు బోర్డు మీద రాసిపెట్టాను, ఎవరికని చెప్పకుండా, అందరికీ కనిపించేలా.

సెలవు సంగతే చెప్పాలి. ఆ అమ్మాయి మూడేళ్లలో వరసగా మూడు రోజులు సెలవు పెట్టలేదు. చెల్లెలి పెళ్లి నెల మధ్యలో పడింది, 3బీ ఉందని నాలుగు రోజులే అడిగింది. నేనే పది రోజులన్నాను. వెళ్లే ముందు తన పనంతా రెండు పేజీల లిస్టు రాయించాం, పక్క సీటు కుర్రాడి చేత దాని ప్రకారం ముందు నెల లెక్కలు తన ఎదురుగానే ఒకసారి చేయించాం, తను పక్కన కూర్చుని మౌస్ ముట్టుకోకుండా చూసింది, అది తనకి ఎంత కష్టమైందో నాకు తెలుసు. వెళ్లాక ఒక్కసారే ఫోన్ చేసింది, 20వ తేదీ సాయంత్రం, వెనక సన్నాయి వినిపిస్తూనే ఉంది. "3బీ అయిపోయిందా సర్?" అయిపోయిందమ్మా అని చెప్పి, రిటర్ను అందినట్టు పోర్టల్లో వచ్చిన ఏఆర్ఎన్ నంబరు స్క్రీన్‌షాట్ తీసి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. తిరిగొచ్చేదాకా మళ్లీ ఫోన్ రాలేదు.